థర్డ్ బీ కదలలేదు

స్వర్ణ టీచర్‌కు ధ్యానం అనే మాట వింటేనే ఒళ్ళు మండేది. బుద్ధుడి మీద కోపం కాదు. ఆయన మానాన ఆయన హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడ్డాడు, ఆయనతో ఆమెకు పేచీ ఏముంది? కోపమంతా ఆ ధ్యానం వచ్చి తన లెక్కల పీరియడ్ నెత్తిన కూర్చున్నందుకు. మంగళవారం, గురువారం ఎక్కాలు చెప్పుకోవలసిన వేళ పిల్లలను పైహాల్లో కూర్చోబెట్టి, ముక్కులోంచి గాలి వస్తోందా పోతోందా చూసుకోమనడం ఏం చదువు?

"ముక్కున్నోళ్ళందరికీ గాలి వస్తది, పోతది. గది చూసుకునుడు గూడ ఒక సబ్జెక్టేనా?" అని స్టాఫ్‌రూంలో అందరికీ వినబడేలా అనేది. "తొమ్మిదో ఎక్కం రాని పిల్లగానికి గాలి లెక్కపెట్టుడు నేర్పిస్తే పెద్దగయినంక ఏం జేస్తడు? సైకిల్ ట్యూబులకు గాలి కొట్టుకుంటడా?"

నాంపల్లి స్టేషన్‌కూ అబిడ్స్‌కూ మధ్య ఒక సందులో ఉంది ఆ స్కూలు. రెండంతస్తుల పాత మేడ. కిటికీలు తెరిస్తే రైళ్ళ అనౌన్స్‌మెంట్లు, మూస్తే ఉక్కపోత. అది కరస్పాండెంటు వామన్‌రావు తాతగారిల్లు. అందులో ఐదో తరగతి దాకా నడుపుతున్నాడు. స్వర్ణ పద్నాలుగేళ్ళుగా అక్కడ థర్డ్ బీ టీచరు. జనగామ పక్క పల్లె నుంచి పెళ్ళయి వచ్చి, ఇంటర్ మీద టీచర్ ట్రైనింగ్ చేసి, ఇక్కడే కుదురుకుంది. చేతిలో చెక్క స్కేలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. కొట్టడం తక్కువే, బల్ల మీద టపామని చరచడమే ఎక్కువ. కానీ కొట్టినరోజు మొహమాటం లేకుండా కొట్టేది. భయమున్న కాడనే భక్తి అని ఆమె నమ్మకం. సాయంత్రం మళ్ళీ ఆ పిల్లలనే రెండు చేతులా పట్టుకొని, ఆటోవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతూ రోడ్డు దాటించేది. ఊగే పాలపళ్ళు పీకేది. ఊడిన జడలు అల్లేది, అల్లినంతసేపూ వాళ్ళ అమ్మలను సాధించేది.

ఈ ధ్యానం గోల తెచ్చిపెట్టింది థర్డ్ ఏ టీచరు వైశాలి. పోయిన జూన్‌లో చేరింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, కాచిగూడ పాత కుటుంబం, ఎమ్మే బీఎడ్. నాగార్జునసాగర్ వైపు ఎక్కడో ధ్యాన కేంద్రంలో పది రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి వచ్చిందట.

"పది రోజులు నోరు మూసుకున్నందుకే గింత గొప్పా?" అంది స్వర్ణ. "మా అత్తింట్ల నేను పదేండ్లు మూసుకున్న. నాకెవరు దండేసిన్రు?"

స్టాఫ్‌రూంలో అందరూ నవ్వారు. వైశాలి కూడా నవ్వింది. ఆ నవ్వు స్వర్ణను ఇంకా మండించింది.

ఫిబ్రవరి మొదటి వారంలో వామన్‌రావు ఇద్దరినీ తన గదికి పిలిచాడు. బల్ల మీద ఏదో వేరే స్కూలు రంగుల బ్రోచరు పరిచి ఉంది.

"చూడండి. లక్డీకాపూల్‌ల కొత్తగ పెట్టినోళ్ళు మొదటి పేజీలనే ధ్యానం ఫొటో వేసిన్రు. కండ్లు మూసుకొని కూర్చున్న పిల్లలను చూస్తే పేరెంట్స్‌కు అదో నమ్మకం. ఇగ అసలు మాట. వచ్చే జూన్ నుంచి థర్డ్ క్లాసు ఒకటే సెక్షన్. పిల్లలు తగ్గిన్రు, నేనేం చేసేది? టీచర్ కూడ ఒక్కరే. మార్చి మొదటి శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉన్నది. రెండు సెక్షన్లు పది పది నిమిషాలు ధ్యానం చేసి చూపించాలె. ఏ క్లాసు మంచిగ కూర్చుంటే ఆ టీచర్ ఉంటది."

స్వర్ణ బల్ల దగ్గరికి జరిగింది. "సార్, నేను ఎక్కాలు చెప్పించి చూపిస్త. పందొమ్మిది దాకా చెప్తరు నా పిల్లలు."

"ఎక్కాలు అందరూ చెప్పిస్తరు మేడం" అన్నాడు వామన్‌రావు, బ్రోచరు మడుస్తూ.

కొత్తొక వింత పాతొక రోత అని ఊరికే అన్నారా! ఇంటికి పోయేదాకా ఆమె పెదవులు తిట్లతో కదులుతూనే ఉన్నాయి. ఇంట్లో భర్త భూపాల్ మంచం మీద కూర్చొని ఉన్నాడు. కాచిగూడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసిన మనిషి, పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయి రెండేళ్ళయింది. ఇల్లు నడిచేది ఈమె నౌకరీ మీదనే. నలభై ఏడేళ్ళ వయసులో, బీఎడ్ లేకుండా, ఇంగ్లీషు గడగడా రాకుండా, కొత్తగా ఎవరు రమ్మంటారు? అబిడ్స్‌లో చీరల దుకాణంలో మెట్లెక్కి దిగుతూ చీరలు విప్పి చూపించే పని కూడా పాతికేళ్ళ పిల్లలకే ఇస్తున్నారు.

"నువ్వు గూడ ఆ ధ్యానమేదో జర నేర్చుకోరాదు?" అన్నాడు భూపాల్ మెల్లగా.

"ఔ, నేర్చుకుంట. నేను కండ్లు మూసుకొని కూసుంట, నువ్వు లేచి అన్నం వండు" అంది. అన్నాక పాపం అనిపించి, అతని పళ్ళెంలో ముద్దపప్పు ఇంకో గరిటె వేసింది.

మరునాడు థర్డ్ ఏ పిల్లల ధ్యానం చూడటానికి వెళ్ళి హాల్లో వెనక గోడకు ఆనుకొని నిలబడింది. చూడటం అంటే తప్పులు వెతకడమే. పిల్లలు జంపఖానా మీద గుండ్రంగా కూర్చున్నారు. వైశాలి చిన్న కంచుగిన్నె మీద కర్రతో తట్టింది. అది ఖంగుమని మోగి చాలాసేపు సన్నగా పలికింది.

"పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. ఊపిరి లోపలికి పోతే పొట్ట ఏం చేస్తుంది?"

"ఉబ్బుతది మిస్!"

"సరే, కళ్ళు మూసుకొని అదే చూడండి. మనసు ఎటన్నా పోతే దాన్ని తిట్టకండి. పోయింది అని తెలుసుకొని మెల్లగా పిలుచుకు రండి."

పిల్లలు కళ్ళు మూశారు. ఒకడు ఓరగా తెరిచి పక్కవాడిని చూశాడు. ఇద్దరు కిసుక్కుమన్నారు. ఒకతి ఆవులించింది. ఐదు నిమిషాలయ్యాక గిన్నె మళ్ళీ మోగింది.

"ఏం తెలిసింది?" అని అడిగింది వైశాలి.

"ముక్కు దురద పెట్టింది మిస్."

"మంచిది."

"నాకు ఉస్మానియా బిస్కెట్లు యాదికొచ్చినయ్."

"మంచిది. వచ్చినయని తెలిసింది కదా."

"నాకు ఏం కాలే. నిద్రొచ్చింది."

"అదీ మంచిదే."

స్వర్ణకు తల తిరిగిపోయింది. పిల్లలు కిందికి దిగగానే వైశాలిని ఆపింది. "అన్నీ మంచియేనా? ఒక్కనికన్న తప్పని చెప్పవేంది?"

"ఇందులో తప్పు ఉండదు మేడం. ఉన్నది ఉన్నట్టు చూడమనే బుద్ధుడు చెప్పింది. ఏది కనబడితే అది చెప్తారు."

"తప్పు లేకుంటే రైటు ఎట్లుంటది? తప్పు లేనిదాన్ని మా ఊర్ల ఆట అంటరు, చదువనరు."

"మీరు కూడా ఒకసారి మాతో కూర్చోండి మేడం. పిల్లలకు చెప్పాలంటే ముందు మనం..."

"నాకు నేర్పేటంత పెద్దదానివయినవా? నువ్వు స్కూల్ బ్యాగు మోసేనాడు నేను చాక్‌పీసు పట్టిన!" అని గిర్రున తిరిగి మెట్లు దిగింది. వైశాలి మంచి మాటే చెప్పిందని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. తెలిసినందుకే మరీ కోపం.

ఆదివారం పొద్దున్నే అబిడ్స్ వెళ్ళింది. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా ఆమె గైడ్లు కొనేది అక్కడ కిషన్ దగ్గరే.

"ధ్యానం గైడ్ ఉన్నదా కిషన్? ప్రశ్నలు జవాబులున్నది, థర్డ్ క్లాసుకు."

కిషన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ధ్యానానికి గైడ్ నేనింతవరకు చూడలే మేడం. ఇంటర్ ఫిజిక్స్‌ది ఉన్నది, ఇయ్యాల్నా?"

"ఎగతాళా?"

"ఎగతాళి ఎందుకు చేస్త? ఇగో, బుద్ధుని పుస్తకాలు ఇన్ని ఉన్నయ్, చూసుకోండి."

ఆమె పొద్దుటెండలో అక్కడే గొంతుక్కూర్చొని ఒక్కో పుస్తకం వెనక నుంచి తెరిచి చూసింది. దేనికీ చివర అభ్యాసం లేదు. ఖాళీలు పూరించండి లేదు, జతపరచండి లేదు. ప్రశ్నలు లేనిది పుస్తకమేంటని విసుక్కొని, అన్నీ కుప్పలో పడేసి లేచింది. జీపీవో దాటేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇన్‌స్పెక్షన్‌లు ఎన్ని చూడలేదు? పెద్దసారు ఏమడుగుతాడో ముందే కనుక్కొని, ఎవరు ఏ జవాబు చెప్పాలో పంచిపెట్టి, వారం రోజులు బట్టీ పట్టిస్తే ఎవరి తలలోనైనా ఏదైనా దిగుతుంది. గైడ్ లేకపోతే తానే రాస్తుంది.

సోమవారం థర్డ్ బీ బ్లాక్‌బోర్డు మీద అచ్చులాంటి అక్షరాలతో రాసింది.

ప్రశ్న: కండ్లు మూసుకొనగా ఏమి తెలిసినది? జవాబు: శ్వాస నా ముక్కు కొనకు చల్లగా తగిలినది.

ప్రశ్న: మనసు ఎచటికి పోయినది? జవాబు: మనసు ఎచటికీ పోలేదు.

ప్రశ్న: ఇప్పుడెట్లున్నది? జవాబు: ప్రశాంతంగా ఉన్నది.

ముప్పై ఒక్కమంది. మొదటి వరుసకు మొదటి జవాబు, రెండో వరుసకు రెండోది, మూడో వరుసకు మూడోది. తప్పు చెప్పినవాళ్ళు యాభైసార్లు రాయాలి. కదిలినవాళ్ళకు స్కేలు.

మొదటి వరుసలో బబ్లూ అనే పిల్లవాడు లేచాడు. నోరు ఊరకుండదు వాడికి. "టీచర్, నాకు చల్లగ తగల్లే. వేడిగ తగిలింది."

"వేడిగ తగిలినా చల్లగనే అని చెప్పాలె. పుస్తకంల గట్లనే ఉన్నది."

"ఏ పుస్తకం టీచర్?"

"నోర్ముయ్. కూసో."

మొదటి రోజు కదలకుండా ఒక నిమిషం కూర్చోలేకపోయారు. గోక్కున్నారు, దగ్గారు, పక్కవాళ్ళను గిల్లారు. స్కేలు రోజంతా పనిచేసింది. రెండో వారానికి నాలుగు నిమిషాలు, మూడో వారానికి ఏడు. చివరి వారంలో విచిత్రంగా స్కేలు ఎత్తకుండానే పదీ కూర్చున్నారు. మూడో వరుస చివర కూర్చునే హైందవి అనే బక్కపిల్ల అయితే రెప్ప కూడా అదరనిచ్చేది కాదు. ఒళ్ళో రెండు పిడికిళ్ళు బిగించి, గడ్డం పైకెత్తి కూర్చునేది. స్వర్ణ పొంగిపోయింది. చూశావా, నా తడాఖా ఏమిటో! పది రోజుల మౌనాలూ కంచుగిన్నెలూ నా ముందు ఏ మూలకి?

ఒకరోజు ఆయా కొండమ్మ చీపురు పట్టుకొని గుమ్మంలో నిలబడి చూసింది. కొండమ్మ స్కూలుకు స్వర్ణకన్నా పాతది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"గిదేంది స్వర్ణమ్మా, పిల్లలు గిట్ల బొమ్మలయిన్రు? చూస్తుంటే భయమైతున్నది."

"భయం కాదే. దీన్ని ధ్యానమంటరు."

"ఏమో తల్లీ. మా ఊర్ల పిల్లలు గిట్ల సప్పుడు చెయ్యకుంటే జరమొచ్చిందని దవాఖానకు తీసుకపోయేటోళ్ళం" అని గొణుక్కుంటూ పోయింది.

మార్చి శనివారం రానే వచ్చింది. పైహాల్లో కుర్చీలు వేశారు. అరవై మందికి పైగా తల్లిదండ్రులు వచ్చారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. వైశాలికి ధ్యానం నేర్పిన పెద్దాయన, వెంకటేశ్వర్లు గారట, తెల్ల లాల్చీ వేసుకొని వామన్‌రావు పక్కన కూర్చున్నాడు.

ముందు థర్డ్ ఏ. గిన్నె మోగింది, పిల్లలు కళ్ళు మూశారు. రెండు నిమిషాలు కాలేదు, ఒకడు తల్లిని చూసి నవ్వాడు. ఇంకొకడు వేలెత్తి బాత్రూమ్ అన్నాడు. వైశాలి తల ఊపింది, వాడు మునివేళ్ళ మీద బయటికి పోయి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఒక పిల్ల నిద్రపోయి పక్కదాని మీద ఒరిగింది. తల్లిదండ్రులు నవ్వారు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఏం తెలిసిందని అడిగితే, "మా తమ్ముని మీద కోపమొచ్చింది, జరసేపటికి పోయింది" అన్నాడొకడు. పెద్దాయన ముఖం వెలిగింది. వామన్‌రావు ముఖం మాత్రం మాడింది. స్వర్ణ కొంగు సర్దుకుంది.

తర్వాత థర్డ్ బీ. మూడు వరుసలు, ముప్పై ఒక్కమంది. "ధ్యానం, మొదలు!" అంది స్వర్ణ. ముప్పై ఒక్క జతల కళ్ళు ఒకేసారి మూతపడ్డాయి.

హాలంతా నిశ్శబ్దం. కింద స్టేషన్లో ఏదో రైలు ఆలస్యమని మూడు భాషల్లో చెప్పింది. ఒక ఈగ బబ్లూ చెంప మీద వాలి, ముక్కు మీదికి నడిచి, మళ్ళీ చెంప మీదికి వచ్చింది. వాడు కదలలేదు. ఫోన్లు మళ్ళీ లేచాయి. "అబ్బా, గీళ్ళు మనింట్ల ఉండే పిల్లలేనా?" అని ఒక తండ్రి గుసగుసలాడాడు. వామన్‌రావు కుర్చీలో ముందుకు జరిగాడు, మొహం చేటంత అయింది. స్వర్ణ గుండె నిండిపోయింది. గోడగడియారం చూసింది. ఏడు నిమిషాలు.

అప్పుడు చూసింది. మూడో వరుస చివర హైందవి కూర్చున్న చోట జంపఖానా నల్లగా తడుస్తోంది. తడి మెల్లగా వెడల్పవుతోంది. పిల్ల మొహం మాత్రం అలాగే ఉంది. గడ్డం పైకెత్తి ఉంది, పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. మెడ మీద నరం ఒకటి సన్నగా కొట్టుకుంటోంది.

స్వర్ణ ఒక అడుగు ముందుకేసింది. లే బిడ్డా, పోయిరా అని ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా అరవై ఫోన్లు, వామన్‌రావు వెలిగిపోతున్న మొహం, ఇంట్లో మంచం మీద భూపాల్. మూడే మూడు నిమిషాలు. ఆమె నాలుగడుగులు పక్కకు వేసి, హైందవికీ జనానికీ మధ్య నిలబడి, చీర కుచ్చిళ్ళు కొంచెం పరిచింది. ఆ మూడు నిమిషాలూ గడియారం వంక తప్ప ఎటూ చూడలేదు. తనను తాను ఛీ అనుకుంది. అనుకుంటూనే నిలబడింది.

"అయిపోయింది" అంది పదో నిమిషానికి. కళ్ళు తెరుచుకున్నాయి. ప్రశ్నలు అడిగింది. వరుసలవారీగా జవాబులు వచ్చాయి, ఒక్క అక్షరం తప్పు పోలేదు. పెద్దాయన లేచి దగ్గరికి వచ్చి, స్వర్ణ పక్కనుంచి తొంగి, "నీకెట్లున్నది తల్లీ?" అని హైందవినే అడిగాడు.

"ప్రశాంతంగా ఉన్నది" అంది హైందవి.

ఆయన ఆ పిల్ల పిడికిళ్ళను చూసి, పోయి కూర్చున్నాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆయనా వైశాలీ మాత్రం కొట్టలేదు. వామన్‌రావు లేచి, "డిసిప్లిన్ అంటే గిది! స్వర్ణ మేడం, జూన్ల థర్డ్ క్లాసు మీదే" అని అందరి ముందూ ప్రకటించి, సమోసాలకూ చాయ్‌కూ జనాన్ని కిందికి తీసుకుపోయాడు.

హాల్లో థర్డ్ బీ పిల్లలు మిగిలారు. కంచుగిన్నె సంచిలో సర్దుకుంటూ వైశాలి ఒక మూల ఉంది. స్వర్ణ హైందవి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పిచ్చిదానా! వస్తే చెప్పద్దా? వేలెత్తద్దా? గంతగనం భయమా నా స్కేలంటే?"

బబ్లూ ముందుకొచ్చాడు. "దానికి మెట్లెక్కేటప్పుడే వచ్చింది టీచర్. నన్ను గోకింది. నేనే ఆపుకొమ్మన్న."

"నువ్వెవడివిరా ఆపుకొమ్మననికి?"

"మనం కదిలితే మిమ్మల్ని తీసేస్తరు గద. కొండమ్మ చెప్పింది. మీ ఇంట్ల అంకుల్‌కు చెయ్యి పనిచెయ్యదంట, మీ నౌకరి పోతే తినను ఉండదంట. పోయిన వారం ఇంటర్వెల్‌ల అందరం ఒట్టేసుకున్నం, ఏమొచ్చినా కదలద్దని. ఈగొచ్చినా, ఒంటేలొచ్చినా."

స్వర్ణ అందరి మొహాలూ చూసింది. ముప్పై ఒక్కమందీ తల ఊపుతున్నారు. ఏదో పెద్ద పని చేసినవాళ్ళలాగా ఉన్నారు.

"మరి స్కేలు?" అంది. "గింతకుముందు స్కేలుకు భయపడి కాదా కూసున్నది?"

అప్పుడు హైందవి నోరు తెరిచింది. "కొడితే జరసేపే నొస్తది టీచర్. మీరు పోతే మల్ల రారు గద."

స్వర్ణ ఆ తడి మీదే చతికిలబడింది. పద్నాలుగేళ్ళలో ఆ స్కూల్లో ఎవరూ చూడని ఏడుపు, ముక్కు చీదుతూ, సిగ్గు లేకుండా ఏడ్చింది. నా భయం నేను వీళ్ళకు పెట్టాను, నా ఆకలి తెచ్చి ఎనిమిదేళ్ళ పిల్లల నెత్తిన పెట్టాను అని ఏడ్చింది. వైశాలి వచ్చి తన చున్నీ తీసి హైందవి నడుముకు చుట్టింది.

"ఏంది చూస్తున్నవు?" అంది స్వర్ణ ఆమెతో, ఏడుపులోనే. "నవ్వుకుంటవా? నవ్వుకో!"

"లేదు మేడం" అంది వైశాలి. ఆమె కళ్ళూ నిండి ఉన్నాయి.

మెట్ల మీద వామన్‌రావు గొంతు వినబడింది. చేతిలో పూలగుత్తితో వస్తున్నాడు. "స్వర్ణ మేడం, కింద ఫొటోకు అందరు మీకోసమే... ఏమైంది?"

స్వర్ణ లేచి, మెట్ల దగ్గరికి పోయి అడ్డంగా నిలబడింది, పిల్లను అతను చూడకుండా. "వీళ్ళు చేసింది ధ్యానం కాదు సార్. నా నౌకరి కాపాడనికి కూసున్నరు. జవాబులు నేను బట్టీ పట్టించినయ్."

వామన్‌రావు భుజాలెగరేశాడు. "ఎట్లయితే ఏంది? కూసున్నరు గద. వీడియోలు అప్పుడే అన్ని గ్రూపులల్ల తిరుగుతున్నయ్. ఒక పని చేద్దాం మేడం, జూన్ల ఇరవై నిమిషాలు చేయిద్దాం."

"గదే నా భయం" అంది స్వర్ణ. "ఇరవై అంటే ఇరవై కూసుంటరు వీళ్ళు. నాకోసం గంటయినా కూసుంటరు. నాకొద్దు సార్. ఆ క్లాసు వైశాలికియ్యండి."

"ఏమంటున్నరో మీకు తెలుస్తున్నదా? మల్ల అడిగితే ఇయ్యను."

"తెలుస్తున్నది. ఆ పూలు గూడ ఆమెకే ఇయ్యండి." వైశాలి వైపు తిరిగింది. "ఎక్కాలు విడిచిపెట్టినవంటే మాత్రం ఊకోను. వచ్చి తంత."

వామన్‌రావు పూలగుత్తి చంకలో పెట్టుకొని దిగిపోయాడు. కింద ఫొటోకు మేడం రాదని ఎవరికో చెబుతున్నాడు. స్వర్ణ హైందవి చెయ్యి పట్టుకొని నల్లా దగ్గరికి బయల్దేరింది. బబ్లూ పరుగెత్తి వచ్చి ముందు నిలబడ్డాడు. వాడి మొహం ఎర్రగా ఉంది. ఈగ నడిచిన చెంప అప్పుడు గోక్కుంటున్నాడు.

"టీచర్, మేం కదల్లే గద! ఒక్కలం గూడ కదల్లే గద! మల్ల మీరెందుకు పోతున్నరు?"

వాడు ఆమె కొంగు పట్టుకొని అదే మాట మళ్ళీ అడిగాడు. వెనక మిగతా పిల్లలంతా ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టారు.